జ్వరం తగ్గక మాట తడబడుతుంటే, ఇంట్లో ఎలుకల సంగతి డాక్టరుకి చెప్పండి

“నాన్నగారికి తొమ్మిది రోజులుగా జ్వరం, టైఫాయిడ్ అంటున్నారు, ఇప్పుడు మాట తడబడుతోంది. ఎలుకల వల్ల ఇలా అవుతుందా?” అని ఒకరు అడిగారు. అవుతుంది. మా మావయ్యకి అయింది.

ఆయనకి వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర బియ్యం కొట్టు. ఎలుకల బాధ పడలేక బస్తాల వెనక మందు పెట్టారు. నాలుగు చచ్చాయి, చేత్తోనే తీసి పారేశారు. పది రోజులకి జ్వరం, తల పగిలిపోయేంత నొప్పి. మొదట చూపించిన చోట టైఫాయిడ్‌కి చేసే వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్ అని టైఫాయిడ్ మందులిచ్చారు. ఏ జ్వరమొచ్చినా ఆ వైడాల్ ఒకటి! నన్నడిగితే దాన్ని ఎప్పుడో మానెయ్యాలి. ఎనిమిదో రాత్రి మావయ్య కళ్లు మూసుకునే బేరాలాడారు. ఎప్పుడో పోయిన తాతయ్యని పిలిచి “బస్తా తూకం చూడండి నాన్నా” అంటుంటే అత్తయ్య వణికిపోయింది.

వేరే ఆసుపత్రికి మార్చాం. స్కానింగ్‌లో ఏమీ లేదు. వెన్నులోంచి నీరు తీస్తే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కాస్త ఎక్కువున్నాయి. వైరసా, టీబీయా అని తర్జనభర్జన పడుతుండగా డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మ అడిగింది, “కొట్లో ఎలుకలున్నాయా?” అని. అంతవరకూ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఎలుక చస్తే దాని ఒంటి మీదుండే ఫ్లీ అనే గెంతే పురుగులు ఇంకో ఒళ్లు వెతుక్కుంటాయి. కుట్టిన చోట గోక్కుంటే వాటి రెట్టలోని రికెట్సియా టైఫీ అనే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. అదే మ్యూరిన్ టైఫస్. పేరు దగ్గరగా ఉందని టైఫాయిడ్ అనుకోకండి. దీనికి దగ్గరి జబ్బు స్క్రబ్ టైఫస్‌లో కనిపించే నల్ల పొక్కు ఇందులో ఉండదు. మావయ్య ఛాతీ మీద మసక మచ్చలుంటే చెమటకాయలనుకున్నాం. ఇది మెదడు దాకా పాకితే మగత, ఫిట్స్, చెవుడు కూడా రావచ్చు.

రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున మావయ్య కాఫీ అడిగారు. మొదటి యాంటీబాడీ పరీక్ష తేలలేదు. తొలి రోజుల్లో అలా రావడం మామూలే. రెండు వారాలాగి మళ్లీ రక్తం తీస్తే యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగి ఉన్నాయి, అప్పుడు రూఢి అయింది. కుడి చెవి మాత్రం రెండు నెలలు సరిగ్గా వినపడలేదు.

ఆ మార్కెట్ వెనక చెత్త ఇప్పటికీ అలాగే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా తీయరు, కొట్లవాళ్లేమో మందు పెడుతూనే ఉంటారు.

మాట తడబడుతోందంటే రేపటిదాకా ఆగకండి. నాన్నగారిని ఈ రాత్రే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎలుకల సంగతి మీరే ముందు చెప్పండి.