వెయింగ్ మెషిన్ అటక మీద పెట్టెయ్యవే బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్లో ఏడ్చినంత పని చేశావు, రెండు నెలల నుంచి రోజూ నడుస్తున్నా పెద్దమ్మా 86 కాస్తా 85 అయ్యిందంతే, ఇంక నావల్ల కాదు మానేస్తా అని. మీ అమ్మ పక్కనే ఉందని అప్పుడేమీ అనలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు, మీటింగ్‌లో దొంగచాటుగా అయినా సరే.

ముందు ఆ వెయింగ్ మెషిన్ తీసి అటక మీద పడెయ్. నువ్వు పంపిన రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్, 212 ఉన్నవి 168కి దిగాయి, ఫాస్టింగ్ షుగర్ 114 కాస్తా 103 అయ్యింది, నడుం టేపుతో కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు తగ్గిందని నువ్వే రాశావు. ఇవన్నీ వదిలేసి కిలో మాత్రమే అని ఏడుపేంటే? మన ఆడవాళ్లకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు, ఎందుకంటే లోపల లివర్ చుట్టూ పేగుల చుట్టూ చేరే కొవ్వే అసలు తంటా. నడిస్తే ముందు కరిగేది ఎక్కువగా అదే, అది మెషిన్ మీద పెద్దగా తెలీదు, జాకెట్ వదులైతే తెలుస్తుంది.

మనలాంటి ఒళ్లున్న వాళ్లకి షుగర్ పెరిగేది, చక్కెరని కండల్లోకి పంపే ఇన్సులిన్ లేక కాదు, ఉన్నా కండలు దాని మాట వినవు. కానీ నడిచేటప్పుడు కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా రక్తంలో చక్కెరని తనే లాక్కుంటుంది, ఆగిపోయాక కూడా ఒకటి రెండు రోజులు కాస్త మాట వింటూ ఉంటుంది. అందుకే వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వకు అంటాను, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు విరగదీసి మిగతా వారమంతా కుర్చీలో కూర్చుంటే ఆ లాభం వారమంతా నిలవదు.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి టీం షుగర్ అంచున ఉన్న 531 మందిని రెండున్నరేళ్ల పాటు చూసి 2006లో లెక్కలు బయటపెట్టారు. తిండి, నడక సరిచేసుకున్న వాళ్లకి షుగర్ వచ్చే రిస్కు 28.5 శాతం తగ్గింది, విచిత్రం ఏంటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు. అమెరికా వాళ్లు 2002లో బయటపెట్టిన ఇలాంటి లెక్కల్లో బరువు కూడా తగ్గారు, అక్కడ రిస్కు 58 శాతం తగ్గింది. అంటే బరువు తగ్గితే ఇంకా మంచిదే, కాదన్ను, కానీ అది నడక ఒక్కదానితో రాదు. ముప్పావు గంట నడిచి వచ్చి ఉప్మా పెసరట్టు, పైన నెయ్యి, అల్లం చట్నీ తింటే లెక్క సరి. కంచం సంగతి మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకోండి, నేను అందులో వేలు పెట్టను, నా కంచమే అంతంతమాత్రం.

నాకు నలభై ఏడేళ్లప్పుడు 92 కిలోలు ఉండేదాన్ని, నీకు గుర్తుండదులే. ఎవరో చెప్పారని ఒక జిమ్‌లో చేరితే ఆ కుర్రాడు మొదటి రోజే నన్ను ఎగరమన్నాడు, మోకాలు వాచి పదిహేను రోజులు మంచం దిగలేదు. తర్వాత గోదావరి గట్టు మీద పది నిమిషాలతో మొదలుపెట్టా, వారానికి ఐదు నిమిషాలు చొప్పున పెంచా. నడుస్తూ పక్కనామెతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, ఆ స్పీడు చాలు. వారానికి 150 నిమిషాలు అంటారు, నువ్వు అక్కడిదాకా మెల్లగా చేరుకో. పదివేల అడుగులు అని వాచీ అరుస్తుందన్నావు కదా, ఆ అంకె 1965లో జపాన్ వాళ్లు అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోవడానికి పెట్టుకున్నది, దానికి భయపడకు.

ఎవరూ చెప్పని ముక్క ఒకటి, తొడలు ఒరుసుకుని మంటపుట్టి చాలామంది మనలాంటి వాళ్లు మానేస్తారు, సిగ్గుపడి బయటకి చెప్పరు. లోపల సైక్లింగ్ షార్ట్స్ లాంటిది వేసుకో, కాస్త వాజెలిన్ రాసుకో.

రోజూ పొద్దున్న కుదరకపోతే భోజనాలయ్యాక పది పదిహేను నిమిషాలు నడు, రాత్రి అన్నం తిన్నాక మరీ మంచిది, తిన్న తర్వాత పైకి లేచే షుగర్ అక్కడే కాస్త అణుగుతుంది. ఆఫీసులో అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరుగు, బాటిల్ చిన్నది పెట్టుకుంటే నీళ్లకైనా లేస్తావు. వారానికి రెండు రోజులు కండలకి పని పెట్టు, జిమ్ అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి చేతులు పెట్టి తోయడం పదిసార్లు, కాసేపాగి మళ్లీ. ఊపిరి మాత్రం బిగబట్టకు, మీ అమ్మలాగే నీకూ బీపీ ఉంది.

ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపో, డాక్టర్‌కి చూపించు. మీ ఆయన షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు కదా, ఆయన కూడా నీతో వస్తే ముందు డాక్టర్ని అడగమను, ఆ మందుతో షుగర్ బాగా పడిపోవచ్చు, జేబులో కాస్త గ్లూకోజో పంచదారో ఉంచుకోమను.

సంక్రాంతికి వస్తున్నారుగా, షూస్ మర్చిపోకు. పొద్దున్న ఐదున్నరకి లేపుతా, పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా వెళ్లొద్దాం, అరిసెలు ఆ తర్వాతే. టేపు కూడా తెచ్చుకో, నాది ఎలకలు కొట్టేశాయి.

మీ పెద్దమ్మ