నటి మీద రాయడానికి కూర్చున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

రష్యన్ నటి అలీసా ఫ్రెయిండ్లిఖ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ అందులో పాత్రలున్నాయి, బిరుదులున్నాయి, మనిషి మాత్రం లేదు. 1961 నుంచి లెనిన్‌గ్రాద్‌ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్)లోని లెన్‌సొవియెత్ థియేటర్, 1983 నుంచి తొవ్‌స్తొనోగొవ్ నడిపిన బొల్షోయ్ డ్రామా థియేటర్. ఈ ఒక్క ముక్కతో తేలిపోయేదానికి పేజీలకు పేజీలు నింపావు.

ఆ నాటకాలు నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. చూడనిదాన్ని పట్టుకుని ‘అద్భుత నటన’ అంటే ఎవరు నమ్ముతారు? సినిమాలు చేతిలో ఉన్నాయి కదా. 1977 నాటి ‘ఆఫీసు ప్రేమకథ’లో ఆమె గణాంక సంస్థకు డైరెక్టరు, కింది ఉద్యోగులకు సింహస్వప్నం. సొగసుగా ఎలా నడవాలో సెక్రటరీ నేర్పే సన్నివేశం చూడు. అంత పెద్ద అధికారి పిల్లలా బుద్ధిగా, బెరుగ్గా అడుగులేస్తుంది. రెండేళ్లకు వచ్చిన తార్కోవ్‌స్కీ సినిమా ‘స్టాకర్’ చివర్లో అదే మనిషి, భార్య పాత్రలో, భర్తను పడుకోబెట్టి, సిగరెట్టు వెలిగించి, నేరుగా కెమెరాలోకి చూస్తూ మాట్లాడుతుంది. ఈ పెళ్లి తల్లికి ఇష్టం లేదట. కష్టాలు తప్పవని తనకూ తెలుసట. అయినా ఏనాడూ విచారించలేదట. మన జాలి ఆమెకు అక్కర్లేదు. ఆ కాసేపట్లో ఏ మాట దగ్గర ఆగింది, ఎక్కడ నవ్వబోయింది, మళ్లీ మళ్లీ చూసి రాయి. నీ వ్యాసం అక్కడుంది.

‘దిగ్బంధం నాటి ఆకలే ఆమెను మహానటిని చేసింది’ అన్న వాక్యం కొట్టేయి. 1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టేనాటికి ఆమెకు ఆరేళ్లు. ఆ చలికాలంలో పిల్లలకిచ్చే రొట్టె రోజుకు 125 గ్రాములకు పడిపోయింది. ఆకలి నటులను తయారుచేసేదే అయితే ఆ ఊళ్లో బతికి బయటపడ్డవాళ్లంతా మహానటులే కావాలి! దాని బదులు ఇంకొకటి రాయి. అర్బూజొవ్ నాటకం ‘పాపం, నా మరాత్’ మొదలయ్యేది 1942లో, అదే దిగ్బంధంలో. 1960లలో అదే నగరంలో, ఆ రోజులు అనుభవించినవాళ్లు ఎందరో ఉన్న ఊళ్లో, అందులోని లీకా పాత్ర వేసింది ఆమే. ఇంతవరకు చెప్పి ఊరుకో. వ్యాఖ్యానం వద్దు.

బిరుదుల జాబితా నాకు మళ్లీ పంపకు. లీకా ముక్క ముందు పెట్టి, సిగరెట్టు సన్నివేశాన్ని తీరిగ్గా రాసి పంపు. నిడివి సగానికి తగ్గినా ఫర్వాలేదు.