కాలువ గట్టు మీద ఇంటికి పట్టా వస్తుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి దగ్గర ఊరు. మా మామగారి కాలం నుంచి కాలువ గట్టు మీదే ఉంటున్నాం. ఇంటి పన్ను రసీదులు, కరెంటు మీటరు, రేషన్ కార్డు అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఖాళీ చేయమని తహసీల్దారు నోటీసు ఇచ్చారు. ఊరి చివర లేఅవుట్లో స్థలం ఇస్తామంటున్నారు గానీ అది పల్లం, వానొస్తే మోకాలి లోతు నీళ్లు. ఒకాయన డబ్బిస్తే గట్టు మీదే పట్టా చేయిస్తానంటున్నాడు. అది జరిగే పనేనా? స్థలం తీసుకుంటే ఇక్కడి హక్కు పోతుందా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ డబ్బు అడిగే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కాలువ పోరంబోకును, అంటే కాలువ అవసరాలకు వదిలిన ప్రభుత్వ భూమిని, ఇళ్ల స్థలంగా కేటాయించడానికి వీల్లేదు. అతను ఏ కాగితం తెచ్చినా అది చెల్లదు.

2025 జనవరిలో వచ్చిన జీవో 30 చూసి గట్ల మీద ఉన్నవాళ్లు చాలామంది ఆశ పెట్టుకున్నారు. 2019 అక్టోబరు 15కు ముందు నుంచి ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు 150 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించే జీవో అది. అయితే అభ్యంతరం లేని స్థలాలకే వర్తిస్తుంది. కాలువ గట్లు, చెరువులు, డ్రెయిన్లు అందులోకి రావు.

ముప్పయ్యేళ్లు దాటితే ప్రభుత్వ స్థలమైనా మనదే అవుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 1963 లిమిటేషన్ చట్టంలో 30 ఏళ్ల గడువు ఉన్న మాట నిజమే. కానీ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ భూమి నాదేనని ప్రభుత్వానికి ఎదురు నిలిచి అనుభవించినట్టు రుజువు చేయాలి. ‘పట్టా ఇప్పించండి’ అని ఎప్పుడైనా అర్జీ పెట్టి ఉంటే, స్థలం ప్రభుత్వానిదని మీరే రాసిచ్చినట్టు లెక్క. పన్ను రసీదులు కూడా యాజమాన్యాన్ని ఇవ్వవు. అయినా వాటిని భద్రంగా దాచండి. మీరు ఎంతకాలంగా అక్కడ ఉంటున్నారో చూపించే ఆధారాలు అవే, ఇంటి స్థలం అడగడానికి అవే మీ బలం.

నోటీసు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం సెక్షన్ 7 కింద వచ్చి ఉంటుంది. అందులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు చూడకుండా ఖాళీ చేయించకూడదు. తరువాత వచ్చే ఉత్తర్వు మీద అప్పీలుకు సెక్షన్ 10 వీలిస్తుంది. ఇళ్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కదా అనుకోకండి. రోడ్లు, నదులు, జలవనరుల వెంబడి ఉన్న కట్టడాలను ఆ తీర్పే మినహాయించింది.

గట్టు ఖాళీగా ఉండాల్సిన అవసరం కూడా ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసే యంత్రం గట్టు మీద నడవాలి. అది జరగకపోతే శివారు చేలకు నీరు అందదు, ఊళ్ల మంచినీటి చెరువులు నిండవు. అంతమాత్రాన మీ తప్పేదో ఉన్నట్టు మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. డెల్టాలో సొంత సెంటు లేని కుటుంబానికి మెరక నేల దొరికింది గట్టు మీదే. అక్కడి నుంచి తీసుకెళ్లి పల్లంలో పడేస్తే న్యాయం జరిగినట్టు కాదు.

కాబట్టి మీ జవాబులో బలంగా అడగాల్సింది లేఅవుట్ గురించి. గట్టు మీద మీకు చట్టపరమైన హక్కు లేదు గనుక, స్థలం తీసుకుంటే పోయేదేమీ లేదు. ప్రస్తుత విధానం ప్రకారం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు. పాత లేఅవుట్లలో ప్లాట్లు సెంటున్నరవే, మీకు ఇచ్చేది ఎంతో రాతలో అడగండి. మెరక చేసి, రోడ్డు, డ్రెయిను, నీళ్లు, కరెంటు ఇచ్చాకే తరలించాలని, ఇల్లు లేచేదాకా గడువు కావాలని రాయండి. మీ వరుసలోని ఇళ్లవాళ్లంతా కలిసి ఒకే అర్జీ పెట్టి, పక్కపక్క ప్లాట్లు అడగండి. ఏళ్లుగా ఒకరికొకరు ఆసరాగా ఉన్న కుటుంబాలు చెల్లాచెదురైతే కొత్త కాలనీ నిలదొక్కుకోవడం కష్టం. ఆ అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి.

పట్టా మీ పేరు మీదే, అంటే ఇంటి ఆడమనిషి పేరు మీదే తీసుకోండి. మీ ఊరు ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) అర్బన్ 2.0 అనే ఇళ్ల పథకం పరిధిలోకి వస్తే ఇల్లు కట్టుకోవడానికి కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం లక్ష, మొత్తం 2.5 లక్షలు పని సాగేకొద్దీ విడతలుగా ఇస్తాయి. మీ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఆ స్థలాన్ని పదేళ్ల వరకు అమ్మకూడదు. నోటరీ కాగితం మీద అమ్మినా 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం చెల్లదు, కొన్నవాళ్ల మీద కేసు కూడా పెట్టవచ్చు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దగ్గర్లోని కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీని అడగండి. ‘ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను’ అని ముందే టైపు చేసిన కాగితం ఎవరైనా తెస్తే, పట్టా మీ చేతికి వచ్చేదాకా దాని మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి.