చిట్టికి, కన్నడం గురించి

చిట్టీ,

"36 ఏళ్ళొచ్చాయి పెద్దమ్మా, నాకింక కన్నడం ఏం వస్తుంది, పిల్లకైతే ఇట్టే వచ్చేస్తుంది" అన్నావు ఫోన్లో. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఊరుకోలేక రాస్తున్నాను.

నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళను కేథరీన్ స్నో, మరియాన్ హూఫ్నాగెల్-హోలె అనే పరిశోధకులు పరీక్షించి 1978లో ప్రకటించారు. మొదటి కొన్ని నెలల్లో చకచకా సాగింది 12-15 ఏళ్ళవాళ్ళూ పెద్దవాళ్ళూ. మూడు నుంచి ఐదేళ్ళ పసివాళ్ళు వెనకబడ్డారు. యాస దగ్గర మాత్రం చివరికి చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళదే పైచేయి. అయినా వంకాయలు కొనడానికి యాసెందుకు?

"ఊళ్ళో ఉంటే అదే వస్తుంది" అని మీ ఆయన అన్నాడట. నాకు ఎనిమిదేళ్ళు రాలేదు! బెంగళూరులో మన తెలుగు చెల్లిపోతుంది, అదే చిక్కు. తర్వాత బసవనగుడి మారాం. పక్కింటి ముసలావిడకు కన్నడం తప్ప మరో భాష రాదు. అది నా అదృష్టం.

పాత కన్నడంలోని పకారం చాలా మాటల్లో హకారమైంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పది హత్తు. ఈ కిటుకు దొరికాక రెచ్చిపోయి, పని ఉందని చెప్పబోయి "హని ఇదె" అన్నాను. హని అంటే చుక్క. ఆవిడ నవ్వి నవ్వి "కెలస" అని దిద్దింది. ఆ మాట ఇక చచ్చినా మర్చిపోను. తప్పు మాట్లాడితే అదే అలవాటైపోతుందని భయపడకు, దిద్దేవాళ్ళు పక్కనుంటే చాలు. అన్నట్టు, వడ్డించేటప్పుడు "సాకు" అంటే ఇక చాలని. మన సాకు కాదు.

లిపికి భయం లేదు. రెండూ ఒకే పాత లిపిలోంచి వచ్చాయి. తలకట్టు తేడా పట్టుకుంటే బస్సు బోర్డులు తొందరలోనే చదివేస్తావు.

పిల్ల తికమక పడుతుందని ఇంట్లో తెలుగు మానేస్తానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకు. రెండు భాషలు కలిపి మాట్లాడితే మాట్లాడనీ, ఆ వయసులో అది మామూలే.

ఆదివారం వచ్చేటప్పుడు గాంధీ బజార్‌లో మల్లెపూలు తీసుకురా. "హూవు ఎష్టు?" అని అడుగు. తెలుగులో జవాబిస్తే "కన్నడదల్లే మాతాడి" అను, కన్నడంలోనే మాట్లాడండి అని. వినకపోతే పక్క బుట్ట దగ్గరికెళ్ళు.

నీ పెద్దమ్మ