ఏజెంట్ల కోసం టూల్ వివరణ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రిఫండ్ టూల్ వివరణ చదివాను. "చెల్లింపును రిఫండ్ చేస్తుంది" అన్న ఒక్క వాక్యంతో ఆపేశావు. మనిషి చదివే పేజీలో అయితే అది చాలావరకు గడిచిపోతుంది. అనుమానం వస్తే మనిషి పక్క సీట్లో ఉన్నవాళ్లను అడుగుతాడు, టెస్ట్ ఖాతాలో ఒకసారి నడిపి చూస్తాడు, డబ్బు వ్యవహారం కదా అని కాసేపు ఆగుతాడు. ఏఐ ఏజెంట్, అంటే చెప్పిన పనిని టూల్స్ నడిపి తానే చేసే ప్రోగ్రామ్, అలా ఆగుతుందన్న నమ్మకం లేదు. నువ్వు చెప్పకుండా వదిలేసిన చోట తనకు సబబని తోచినది పూరించుకుని, ఆ ఊహ మీదే టూల్‌ను నడిపేస్తుంది. కాబట్టి ఏది రాయాలన్నది తేల్చుకునే ముందు, ఏది రాయకపోతే ఏజెంట్ ఏమనుకుంటుందో ఆలోచించు.

2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్‌లోనైనా, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనైనా (రెండూ ఏఐకి బయటి టూల్స్ అందించే పద్ధతులే), ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్ ముందుకు వచ్చేవి టూల్ పేరు, దాని వివరణ, ఇన్‌పుట్‌ల స్కీమా, అంటే ఏ ఇన్‌పుట్ ఏ రకంగా ఉండాలో చెప్పే పట్టిక. వెనకున్న కోడ్ దానికి కనిపించదు. అమౌంట్ పూర్ణాంకమని స్కీమా చెబుతుంది గానీ, అది రూపాయలా పైసలా అన్నది నువ్వు చెబితేనే తెలుస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ రేజర్‌పేలో అమౌంట్‌ను పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలంటే 50000 అని పంపాలి. మన టూల్ కూడా పైసల్లోనే తీసుకుంటుంది కనుక, ఆ ముక్క రాయకపోతే ఏజెంట్ 500 అని పంపుతుంది, కస్టమర్‌కు ఐదు రూపాయలు చేరతాయి. అమౌంట్ ఇవ్వకపోతే మొత్తం సొమ్ము తిరిగి వెళ్లిపోతుందన్న సంగతి అంతకన్నా ముఖ్యం, అది నీ డ్రాఫ్టులో ఎక్కడా లేదు.

నేనైతే ఇలా రాస్తాను: "పూర్తయిన చెల్లింపులో కొంత గానీ మొత్తం గానీ కస్టమర్‌కు తిరిగి పంపుతుంది. అమౌంట్ పైసల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొత్తం సొమ్ము వెళుతుంది. ఒకసారి పంపిన రిఫండ్‌ను వెనక్కి తీసుకోలేము. ఇంకా చెల్లింపు జరగని ఆర్డర్‌కు ఇది వాడకూడదు, ఆర్డర్ రద్దు టూల్ వాడాలి. జవాబు రాకపోతే అదే రిక్వెస్ట్ ఐడీతో మళ్లీ పంపవచ్చు, రెండోసారి డబ్బు వెళ్లదు." చివరి వాక్యం లేకపోతే, నెట్‌వర్క్ ఆలస్యమైన ప్రతిసారీ కొత్త ఐడీతో మరో రిఫండ్ పంపే ప్రమాదం ఉంది.

ఇక నువ్వు తరవాత చేపట్టబోయే ఆర్‌సింక్ పేజీ, అంటే ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేసే కమాండ్ గురించినది. మూలం ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత ఉంటే అందులోని ఫైళ్లు మాత్రమే గమ్యంలోకి వెళతాయి, గీత లేకపోతే ఆ ఫోల్డరే గమ్యంలో ఏర్పడుతుంది. దీనికి, మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోంచి తీసేసే డిలీట్ ఆప్షన్ తోడైతే, గీత లేనప్పుడు తొలగింపు గమ్యంలో ఆ పేరున్న ఫోల్డర్ వరకే పరిమితమవుతుంది, గీత ఉన్నప్పుడు మాత్రం మూలంలో లేనివన్నీ గమ్యం మొత్తంలోంచి పోతాయి. ఇంత తేడా ఒక్క గీత మీద ఆధారపడి ఉన్నప్పుడు, గీత సంగతి ఒక పేజీలో, డిలీట్ సంగతి మరో పేజీలో ఉండకూడదు. ఏమేమి పోతాయో ముందే చూపించే డ్రై రన్ ఆప్షన్‌ను కూడా ఆ పేరాలోనే పెట్టు, ఎందుకంటే ఏజెంట్ పేజీలో కొంత భాగమే తెచ్చుకుని చదివే సందర్భాలు చాలా ఉంటాయి.

ఎర్రర్ సందేశాలు ఇంజనీర్ల పని అని వదిలెయ్యకు, అవి కూడా నీ రాతలోనివే. "ఇన్‌పుట్ చెల్లదు" అంటే ఏజెంట్ అదే తప్పును మరో రూపంలో పంపుతుంది. "తేదీ సంవత్సరం-నెల-రోజు రూపంలో, 2025-04-03 లా ఉండాలి, 03/04/2025 అని వచ్చింది" అంటే వెంటనే సరిచేసుకుంటుంది; పైగా అది ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్న సందేహం కూడా తీరుతుంది.

1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ తెచ్చినప్పుడు, కమాండ్ పేజీల్లో "బగ్స్" అనే శీర్షిక పెట్టి లోపాలను దాచకుండా రాశారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. మన టూల్‌కు చేతకానిది కూడా అంత సూటిగానే రాయి. ఫీచర్ చరిత్ర, ప్రశంసలు మాత్రం తీసెయ్యి. వివరణలోని ప్రతి మాటా మోడల్ కాంటెక్స్ట్‌లో, అంటే అది ఒకేసారి చూడగలిగే పరిమితమైన పాఠంలో, చోటు తింటుంది.

రాయడం అయ్యాక టెస్ట్ ఖాతాలో ఏజెంట్‌కు నీ వివరణ ఒక్కటే ఇచ్చి, "ఈ కస్టమర్‌కు రెండు వందలు వెనక్కి పంపు" అని మామూలు మాటల్లో చెప్పి, అది టూల్‌కు పంపిన కాల్స్‌ను లాగ్‌లో, అంటే జరిగినదంతా నమోదయ్యే ఫైల్లో చదువు. తప్పు విలువ కనిపిస్తే, ఏ వాక్యం దాన్ని అటు నడిపిందో వెతుకు. ఆ లాగ్‌నూ, సవరించిన డ్రాఫ్టునూ కలిపి నాకు పంపు, ఆర్‌సింక్ పేజీ ఆ తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య