సెలవుల్లో బ్యాగ్‌పైప్ నేర్చుకుంటానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మేము ఆరేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాం. మావారిది ఐటీ ఉద్యోగం. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎస్2 (ఇక్కడి హైస్కూల్ రెండో ఏడాది) పూర్తవుతోంది. నాలుగేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఈ వేసవిలో కోడింగ్ క్యాంపులో చేర్పిద్దామనుకుంటే, తనేమో వారం రోజుల బ్యాగ్‌పైప్ సమ్మర్ స్కూల్‌కి వెళ్తానని పట్టుబట్టింది. దీనివల్ల చదువుకి, కెరీర్‌కి ఏమైనా ఉపయోగం ఉంటుందా? వయొలిన్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఊపిరితిత్తులకు మంచిది కాదని కూడా ఎవరో అన్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: పంపండమ్మా. కోడింగ్ క్యాంపు వచ్చే ఏడాదీ ఉంటుంది, ఆ పై ఏడాదీ ఉంటుంది. పదమూడేళ్ల పిల్ల ఒక కష్టమైన వాయిద్యాన్ని తనంతట తాను కోరుకోవడం మాత్రం ఎప్పుడుపడితే అప్పుడు జరగదు. అయితే మీరు ఊహించుకుంటున్న బ్యాగ్‌పైప్ వేరు, అక్కడ మొదట తన చేతికి ఇచ్చేది వేరు. ముందు అది చెబుతాను.

కొత్తగా చేరినవాళ్లకు గాలి నింపే తిత్తి ఉన్న అసలు వాయిద్యం ఇవ్వరు, ప్రాక్టీస్ చాంటర్ అనే సాధన గొట్టం ఇస్తారు. పిల్లనగ్రోవిలా ఉంటుంది కానీ నిలువుగా పట్టుకుని ఊదాలి. లోపల చిన్న పీక (రీడ్) ఉంటుంది. శబ్దం తుమ్మెద రొదలా సన్నగా వస్తుంది, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టేంత ఉండదు. చాలామంది పిల్లలు ఆరు నెలల నుంచి ఏడాది దాకా దీనిమీదే సాధన చేశాక గానీ అసలు పైప్స్, అంటే తిత్తితో ఉన్న పూర్తి వాయిద్యం, పట్టుకోరు. కాబట్టి ఇప్పుడే పైప్స్ కొనకండి. మంచి ప్రాక్టీస్ చాంటర్ వంద పౌండ్ల లోపే వస్తుంది. వాయించదగ్గ పైప్స్ అయితే కొత్త సెట్టు సాధారణంగా వెయ్యి పౌండ్లు దాటుతుంది. ఆన్‌లైన్‌లో టార్టాన్ అనే గళ్ల గుడ్డ చుట్టి చవగ్గా అమ్మేవి గోడకు తగిలించుకోవడానికే పనికొస్తాయి, శ్రుతిలో నిలబడవు. నాకు తెలిసిన ఒక కుటుంబంవాళ్లు పుట్టినరోజుకి వాళ్ల బాబుకి అలాంటిదే కొనిచ్చారు. వాడు రెండు వారాలు ముఖం ఎర్రబడేలా ఊది, తప్పు తనదేననుకుని సంగీతమే మానేశాడు. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక వయొలిన్ సంగతి. పాడవడం అటుంచి, అదే మీ అమ్మాయికి పెద్ద అండ. పైప్స్‌లో వేళ్లతో వాయించే రంధ్రాల గొట్టాన్ని చాంటర్ అంటారు, దాని మీద పలికేవి తొమ్మిదే స్వరాలు. ‘లో ఏ’ (కింది ఏ) అనే స్వరాన్ని షడ్జమం అనుకుంటే మీకు వినిపించేది దాదాపు మన హరికాంభోజి రాగం, షడ్జమం కింద ఒక నిషాదం అదనం. శ్రుతి మన కర్ణాటక సంగీతం లెక్కలో ఆరున్నర శ్రుతికి కాస్త పైన ఉంటుంది. భుజం మీద నిలబడే మూడు గొట్టాలను డ్రోన్స్ అంటారు. అవి చేసేది తంబురా పనే. రెండు టెనర్ డ్రోన్లు షడ్జమానికి ఒక స్థాయి కింద, బేస్ డ్రోన్ రెండు స్థాయిల కింద ఆగకుండా మోగుతుంటాయి. మన పల్లెల్లో కూడా మేకతోలు తిత్తిని శ్రుతి కోసం ఊదేవారు. ఆ మాట మీ అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది.

కష్టమంతా వేళ్లలో ఉంది. వయొలిన్ మీద ఒకే స్వరాన్ని మూడుసార్లు పలికించాలంటే కమాను ఆపి మళ్లీ లాగితే చాలు. పైప్స్‌లో తిత్తి నొక్కుతున్నంతసేపూ నాదం ఆగదు, గట్టిగా మెల్లగా వాయించడానికీ వీలుండదు. మరి ఒకే స్వరం రెండుసార్లు ఎలా పలుకుతుంది? మధ్యలో రెప్పపాటులో ఇంకో వేలు ఎత్తి దించుతారు. దాన్నే గ్రేస్ నోట్ అంటారు. ‘లో ఏ’ మీద ఉండి చిటికెన వేలితో రెండుసార్లు చకచకా కింది స్వరాన్ని తాకి వస్తే అది బర్ల్. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. మీ అమ్మాయికి మొదట చిక్కు వచ్చేదీ ఇక్కడే. వయొలిన్‌లో జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, అందం. ఇక్కడ స్వరం మారేటప్పుడు కదలాల్సిన వేళ్లన్నీ ఒక్కసారే కదలాలి, ఒక్క వేలు వెనకబడినా మధ్యలో దొంగ స్వరం ఒకటి పలుకుతుంది. మాస్టారు రోజంతా దాన్నే సరిచేస్తారు. తను సాయంత్రం నీరసంగా ఇంటికొస్తే కంగారుపడకండి.

చెప్పే పద్ధతి మాత్రం తనకు కొత్తగా అనిపించదు. స్కై దీవిలోని బోరెరైగ్‌లో మెక్‌క్రిమన్ వంశంవాళ్లు తరతరాలుగా పైపింగ్ నేర్పారు. డన్‌వేగన్ కోటలోని మెక్‌లౌడ్ వంశపు దొరల ఆస్థాన విద్వాంసులు వాళ్లు. రాతలో కాకుండా నోటితో పాడి నేర్పేవారు. హిహారిన్, హోడిన్ అంటూ ఒక్కో స్వరానికీ అలంకారానికీ ఒక్కో అక్షరం ఉండేది. దీన్ని కాంటరాక్ట్ అంటారు. పిబ్రోక్ అనే పెద్ద సంగీతాన్ని ఇప్పటికీ పాడి నేర్పే గురువులున్నారు. సరళీ స్వరాలు పాడి పాడి వయొలిన్ పట్టిన పిల్లకు ఇది ఇంటి సంగతిలా ఉంటుంది.

ఊపిరితిత్తుల మాట ఎవరో ఊరికే అనలేదు. తడి తిత్తిలో, గొట్టాల్లో బూజు పెరిగి, అది పీల్చడంవల్ల ఒక వాయిద్యకారుడికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి చనిపోయాడని 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఊదడం వల్ల కాదు, శుభ్రం చేయకపోవడం వల్ల వచ్చే ముప్పు అది. ప్రాక్టీస్ చాంటర్‌ని వాడిన ప్రతిసారీ విప్పి తుడిచి ఆరబెట్టడం మొదటిరోజు నుంచే అలవాటు చేయండి. ఆస్తమా ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి. పైప్స్ దాకా వెళ్లాక చెవుల్లో ప్లగ్స్ తప్పనిసరి, ఆ శబ్దం వంద డెసిబెల్స్ దాటుతుంది.

మీరు అసలు అడిగింది కెరీర్ గురించి. ఉన్నదున్నట్టు చెబుతాను. వాయించడమే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు చాలా తక్కువ. స్కాట్లండ్‌లో రాయల్ కన్జర్వేటాయిర్ అనే సంగీత విద్యాలయంలో పైపింగ్ డిగ్రీ ఉంది. అది చదివినవాళ్లు టీచర్లుగా, కచేరీ కళాకారులుగా స్థిరపడతారు. పైప్స్, పీకలు తయారుచేసేవాళ్లున్నారు, సైన్యంలో పైపర్లున్నారు. అంతే. మన ఇళ్లలో గొప్పగా చెప్పుకునే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కూడా బ్యాగ్‌పైప్‌లో డిగ్రీ పెట్టింది. అయితే దాన్ని చూసి ఆశపడమని చెప్పను.

నేను చెప్పదలచుకున్నది వేరే. ప్రతి ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో జరిగే ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీల్లో అన్నిటికంటే పై స్థాయి అయిన గ్రేడ్ వన్‌లో వాయించే బ్యాండ్లలో కూడా ఎక్కువమందికి పగలు వేరే ఉద్యోగాలుంటాయి. సాయంత్రాలు, వారాంతాల్లో రిహార్సల్ చేసి ప్రపంచ స్థాయికి వస్తారు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పేరుతో ఉన్న బ్యాండ్ ఆరుసార్లు ప్రపంచ విజేత అయింది. అంటే మెడిసినా, పైప్సా అని తేల్చుకోవాల్సిన అవసరం మీ అమ్మాయికి ఇప్పుడే కాదు, బహుశా ఎప్పటికీ రాదు. రేపు చదువుకోసం టొరంటో వెళ్లినా, సిడ్నీ వెళ్లినా అక్కడో బ్యాండ్ ఉంటుంది, వెళ్లిన మొదటి నెలలోనే నలుగురు మనుషులు దొరుకుతారు. పరాయి ఊళ్లో ఒంటరిగా హాస్టల్ గదిలో కూర్చున్న మన పిల్లల్ని ఎంతోమందిని చూశాను. అందుకే దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

స్కూలు చదువులోనూ ఇది లెక్కకొస్తుంది. ఇక్కడి స్కూల్ పరీక్షలైన నేషనల్ 5, హయ్యర్‌ల మ్యూజిక్ సబ్జెక్టులో రెండు వాయిద్యాలు వాయించాలి, లేదా ఒక వాయిద్యంతో పాటు పాడాలి. బ్యాగ్‌పైప్, వయొలిన్ రెండూ ఆ పరీక్షలకు ఒప్పుకునే వాయిద్యాల జాబితాలో ఉన్నాయి. నేషనల్ 5కి సుమారు సంగీత పరీక్షల గ్రేడ్ 3, హయ్యర్‌కి గ్రేడ్ 4 స్థాయి రావాలి. వయొలిన్ మీద ఏం వాయించాలన్నది మాత్రం స్కూల్ మ్యూజిక్ టీచర్‌తో మాట్లాడండి, కర్ణాటక పాఠాలు పరీక్షకు సరిపోతాయని ముందే అనుకోవద్దు. అలాగే 2021 నుంచి ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో వాయిద్య శిక్షణకు ఫీజు లేదు. మీ కౌన్సిల్‌లో పైపింగ్ టీచర్ ఉన్నారేమో ఈ టర్మ్ అయిపోయేలోగా కనుక్కోండి. వారం క్లాసులయ్యాక నేర్పేవాళ్లు లేకపోతే సెప్టెంబరుకల్లా చాంటర్ అటకెక్కుతుంది.

మీ ఊళ్లోనే 1996 నుంచి నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, అక్కడ వేసవి క్లాసులు నడుపుతారు. మొదటిసారికి దూరం పంపకండి. సౌత్ యుయిస్ట్ దీవిలో గేలిక్ భాషతో కలిపి సంగీతం నేర్పే కియోలస్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు. చేర్పించే ముందు మూడు సంగతులు అడగండి: అసలేమీ రానివాళ్లకు వేరే బృందం ఉందా, ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలు, చాంటర్ వాళ్లిస్తారా మనం కొనాలా.

వారం అయ్యాక రోజుకు ఇరవై నిమిషాలు చాలు, వయొలిన్ సాధన ఎప్పటిలాగే సాగనివ్వండి. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌కి తీసుకెళ్లండి. పోటీకి ముందు బ్యాండ్ గుండ్రంగా నిలబడి శ్రుతి చేసుకునే చోటికి వెళ్లి దగ్గరగా నిలబడండి. ఒకాయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చాంటర్ రంధ్రం అంచున ఉన్న టేపుని గోటితో వెంట్రుకవాసి జరిపి, మళ్లీ విని, మళ్లీ జరుపుతాడు. మీ అమ్మాయి అది ఎంతసేపు చూస్తుందో గమనించండి. వచ్చే మార్చి నాటికి ప్రాక్టీస్ చాంటర్ మీద నాలుగైదు పాటలు చూడకుండా వాయించగలిగితే, పైప్స్ కొనే విషయం మాట్లాడుకుందాం, అప్పుడు మళ్లీ రాయండి.