మూడు రంగాల్లో పేపర్లున్న పరిశోధకుడి సైటేషన్లను ఎట్లా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పీహెచ్‌డీలో చేరబోతున్నారు. గైడ్‌గా అనుకుంటున్న సారుకు స్టాటిస్టిక్స్, వైద్యం, వ్యవసాయం మూడింట్లోనూ పేపర్లున్నాయి. గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు (ఆయన పేపర్లను ఇతర పేపర్లు ఉదహరించిన సార్లు) 900, హెచ్-ఇండెక్స్ 12 కనబడుతున్నాయి. ఇది ఎక్కువా తక్కువా, ఆయన దగ్గర చేరొచ్చా అని అడిగారు.

ఆ సారు నాకు తెలియదు. కానీ అచ్చం అట్లాంటి జాబితానే నాది కూడా. హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా స్టాటిస్టిక్స్ పాఠం చెబుతున్నాను. మా సబ్జెక్టు వాళ్ల దగ్గరికి అందరూ వస్తారు. డాక్టర్లు కేస్ షీట్లు పట్టుకొస్తారు, వ్యవసాయం వాళ్లు పురుగుల లెక్కలు పట్టుకొస్తారు. అట్లా నా పేరు ఎన్నో రకాల పేపర్ల మీదికి ఎక్కింది.

2019లో ప్రమోషన్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు కమిటీలో ఒకాయన ల్యాప్‌టాప్‌లో నా ప్రొఫైల్ తెరిచి పెట్టుకున్నారు. "మేడం, మీ సైటేషన్లన్నీ డాక్టర్ల పేపర్‌వే కదా, మీ సబ్జెక్టులో మీరేం చేసిన్రు?" అన్నారు. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అది ఇప్పటికీ బాధే. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. కానీ జవాబు కోసం స్క్రీన్ మీది అంకె చూశారే గానీ నేను ఫైల్‌లో పెట్టిన ఒక్క పేపర్ కూడా తెరవలేదు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని నా 19 పేపర్ల సైటేషన్లను పెద్దది మొదలుకొని వరుసగా రాసుకున్నాను: 268, 61, 18, 14, 11, 9, 8, 7, 6, 6, 4. మిగతా ఎనిమిదింటికి సున్నా. మొత్తం 412. హెచ్-ఇండెక్స్ లెక్క ఇట్లా ఉంటుంది: పై నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి, పేపర్ వరుస నంబరు కన్నా దాని సైటేషన్లు తగ్గిపోయే చోట ఆగిపోవాలి. నా ఏడో పేపర్‌కు 8 ఉన్నాయి, ఎనిమిదోదానికి 7 మాత్రమే. కాబట్టి నా హెచ్-ఇండెక్స్ 7.

ఇప్పుడు ఆ 268ని కొట్టేసి చూడండి. మొత్తం 412 కాస్తా 144కు పడిపోతుంది. హెచ్-ఇండెక్స్ మాత్రం 7 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు ఏడో స్థానంలోకి వచ్చిన పేపర్‌కు సరిగ్గా 7 ఉన్నాయి. ఒక్క పేపర్ మొత్తాన్ని ఎంత ఉబ్బించగలదో, అదే పేపర్ హెచ్-ఇండెక్స్‌ను కదిలించలేకపోవడమేంటో ఆ రాత్రే నాకు చేతికి తగిలినట్టు తెలిసింది. సైటేషన్లున్న వాటిలో చివరి నాలుగు, అంటే 7, 6, 6, 4, పూర్తిగా నా సబ్జెక్టులో నేను రాసినవి. వాటిని విడిగా తీస్తే హెచ్-ఇండెక్స్ 4. మీ సారు 900ను కూడా ఇట్లాగే పేపర్ల వారీగా విడదీసి రాసుకోండి. పది నిమిషాల పని.

ఆ 268 సైటేషన్ల పేపర్ గర్భిణుల్లో రక్తహీనత మీద రాసింది. తొమ్మిది మంది రచయితల్లో నాది నాలుగో పేరు. శాంపిల్ సైజు లెక్కగట్టింది, రిగ్రెషన్ చేసింది, రెండు టేబుళ్లు తయారుచేసింది నేను. నిజాయితీగా చేసిన పనే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ దాన్ని ఉదహరించిన వాటిలో నలభై దాకా తెరిచి చూశాను. దాదాపు అన్నింట్లోనూ మొదటి పేరాలో ఒకే వాక్యం కోసం మా పేపర్ వాడుకున్నారు, ఇంత శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పడానికి.

ఆరు సైటేషన్లున్న నా పేపర్ల మాట వేరు. అందులో ఒకటి మధ్యమధ్యలో విలువలు లోపించిన చిన్న శాంపిళ్ల గురించి. దాని మీద మూడేళ్లు కూర్చున్నాను. ఆ ఆరింటినీ చదివాను. ఇద్దరు నా పద్ధతిని నిజంగా తమ డేటా మీద వాడారు. ఒకామె, బ్రెజిల్ నుంచి, అది ఏ పరిస్థితిలో పనిచేయదో లెక్కతో చూపించారు. నేను గమనించని పొరపాటు అది. నా పనిని అంత శ్రద్ధగా ఇంకెవరూ చదవలేదు. గూగుల్ స్కాలర్ పేజీలో ఆమె చదువు కూడా 1 అనే అంకెగానే కనబడుతుంది.

రంగాన్ని బట్టి అంకె మారడానికి కారణం సూటిగానే ఉంటుంది. వైద్యంలో పరిశోధకులు ఎక్కువ, ఏటా వచ్చే పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర ఉదహరింపుల జాబితా పొడవు, కొత్తవాటిని వెంటనే ఉదహరిస్తారు. గణితంలో జాబితా చిన్నది, ముప్పై ఏళ్ల నాటి ఫలితాన్ని ఇవాళ ఉదహరించడం మామూలే. పత్రికలకు ఇచ్చే అంకె ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది చూసేది అంతకు ముందు రెండేళ్లలో అచ్చయిన పేపర్లకు వచ్చిన సైటేషన్లను. నెమ్మదిగా నడిచే సబ్జెక్టుకు ఆ రెండేళ్ల కిటికీ సరిపోదు. వైద్య పత్రిక లాన్సెట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వంద చుట్టుపక్కల తిరుగుతుంటే, గణితంలో శిఖరంగా చూసే యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌ది ఒక అంకె దాటదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి క్వింటా ధర చూసి, పత్తి రైతు పంట బాగా తీయలేదని ఎవరూ అనరు కదా. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన జార్జ్ హిర్ష్ భౌతికశాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో ఈ అంకె భౌతికశాస్త్రంలో కన్నా ఎక్కువగా వస్తుందని ఆయన ఆ మొదటి పేపర్‌లోనే రాశారు. మన కమిటీలు అంకెను తీసుకున్నాయి, ఆ హెచ్చరికను వదిలేశాయి.

మా సబ్జెక్టు నుంచే పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1945లో, సుమారు పాతికేళ్ల వయసులోనే, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ అచ్చు వేశారు. క్రేమర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ అందులోవే. డేటా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో మొదటిది చెబుతుంది, దాన్ని ఎట్లా మెరుగుపరచాలో రెండోది చెబుతుంది. ఇవాళ సిగ్నల్ ప్రాసెసింగ్ చేసే ఇంజినీర్లు, ఎకనామిక్స్ వాళ్లు, మెడికల్ ఇమేజింగ్ వాళ్లు వాటిని రోజూ వాడతారు, పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నారు కాబట్టి చాలాసార్లు మూల పేపర్‌ను ఉదహరించనే ఉదహరించరు. ఆ పనికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకు 2023లో, 102 ఏళ్ల వయసులో వచ్చింది. నేను మొదటిసారి క్లాసులో రావు-బ్లాక్‌వెల్ చెప్పిన రోజు, ఈ రావు మన రావేనని పిల్లలకు చెబుతుంటే నా గొంతు వణికింది.

దీనికి ఇంకో కొస ఆలివర్ లారీ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1951 పేపర్. ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి అది. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసేనాటికే మూడు లక్షలకు పైగా సైటేషన్లతో, ఎక్కువగా ఉదహరించిన పేపర్ల జాబితాలో మొదటి స్థానంలో ఉంది. ల్యాబుల్లో అందరికీ పనికొచ్చే పద్ధతి కాబట్టి అన్ని వచ్చాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ పరీక్ష పేపర్ కూడా ఆ కోవదే.

వ్యవసాయం పేపర్ గురించి కొంచెం చెప్పాలి, అది నా మనసుకు దగ్గరిది. పరకాల, ఆత్మకూరు వైపు పత్తి చేలల్లో లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, వాటిల్లో పడ్డ గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులను వారం వారం లెక్కపెట్టారు మా మిత్రులు. ఆ రిజిస్టర్ నా దగ్గరికి వచ్చినప్పుడు పేజీల అంచులకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. వాన పడ్డ వారాల్లో గళ్లు ఖాళీ. నా ఆరు సైటేషన్ల పేపర్ పుట్టింది ఆ ఖాళీ గళ్ల నుంచే. అంటే రెండు రంగాల పేపర్లు పైకి వేరుగా కనిపించినా లోపల ఒకటే పని. ఏ వారం బుట్టలు చూసుకోవాలి, ఎన్ని పడితే జాగ్రత్తపడాలి అన్నది తెలుగులో కరపత్రంగా వేసి రైతులకు పంచారు. "మేడం, రైతు సదివిండా లేదా అన్నది ఏ స్కోపస్‌ల ఎక్కుతది?" అని మా మిత్రుడు అడిగిన మాట నాకు గుర్తుంది. స్కోపస్ అంటే పేపర్లనూ వాటి సైటేషన్లనూ నమోదు చేసే డేటాబేసు. అందులో ఎక్కడా ఎక్కదు.

పేర్ల గొడవ కూడా చూసుకోండి, మనవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం, డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. కె. శ్రీనివాస్ అని వెతికితే ఎంతమంది పేపర్లు కలగాపులగంగా వస్తాయో మీరే చూడండి. స్కోపస్‌లో నేను ముగ్గురు మనుషులుగా ఉండేదాన్ని, విన్నపం పెట్టుకుని ఒక్కటి చేయించుకున్నాను. గూగుల్ స్కాలర్‌లో నాది కాని పశువైద్యం పేపర్ ఒకటి చాలాకాలం నా ఖాతాలో ఉంది. మీ సారుకు ఓర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటే, ఆ 16 అంకెలతో వెతికి ఆయనే చేర్చుకున్న జాబితా చూడండి. 900లో ఇంకొకరివి ఎన్నో ముందు అది తేలాలి.

మీ యూనివర్సిటీ లైబ్రరీలో స్కోపస్ దొరికితే, ప్రతి పేపర్ పక్కన దాని రంగానికి, అచ్చయిన ఏడాదికి తగ్గట్టు సరిచేసిన అంకె ఒకటి ఉంటుంది. 1 అంటే ప్రపంచ సగటు. గణితం పేపర్‌ను గణితంతో, వైద్యం పేపర్‌ను వైద్యంతో పోల్చేది అదే, నేను ఎక్కువగా నమ్మేదీ అదే. ఇక పేరు ఎన్నోది అన్నది తప్పకుండా చూడాలి. యూజీసీ 2018 నిబంధనల్లో కూడా ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి రచయితకు లేదా కరస్పాండింగ్ రచయితకు (పేపర్ గురించి ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవారికి) 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం మార్కులే. నా రక్తహీనత పేపర్‌లో నా వాటా ఆ 30 శాతమే, అది న్యాయమే.

ఇవన్నీ చూశాక సారును కలవండి. వెళ్లేటప్పుడు ఆయన జాబితాలో కింద ఎక్కడో ఉన్న, ఆయన పేరు ముందున్న పేపర్ ఒకటి ప్రింట్ తీసుకుని చదువుకుని వెళ్లండి. "సార్, ఇది ఎందుకు మొదలుపెట్టారు, ఎక్కడ ఆగిపోయారు?" అని అడగండి. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని పెన్ను తీస్తే చేరిపోండి. నన్నెవరైనా అట్లా అడిగితే నేను ఆ ఖాళీ గళ్ల రిజిస్టర్ జిరాక్సు, బ్రెజిల్ ఆమె చూపించిన పొరపాటు దిద్దుకున్న పేజీ పక్కపక్కన పెట్టి మొదలుపెడతాను. రెండూ నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి.